వైరు ముక్కకి నాలుగొందల యాభయ్యా?

ఇప్పుడే షట్టర్ దించి ఇంటికొచ్చాను. గోళ్లలో గ్రీజు ఇంకా వదల్లేదు, ఫోన్ స్క్రీన్ నిండా నల్ల వేలిముద్రలే. అయినా ఇది రాయకుండా పడుకుంటే నిద్ర పట్టదు.

పొద్దున పదింటికి ఒకాయన మా విశాఖ కంచరపాలెం మెట్టు దగ్గర ఆగిపోయిన స్కూటర్‌ని చెమటలు కక్కుకుంటూ నా షాపు దాకా నెట్టుకొచ్చాడు. ఇల్లు పెదవాల్తేరు. బీఎస్6 బండి, అంటే పొగ తగ్గించే కొత్త రూలు ప్రకారం వచ్చినది, కొని నాలుగేళ్లు. నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోతుంది, పావుగంటాగి కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షోరూంలో బ్యాటరీ మార్చారట, ప్లగ్గు మార్చారట, ఆఖరికి ఫ్యూయల్ పంపు కూడా మార్చారట. అన్నిటికీ నోరెత్తకుండా డబ్బులు కట్టాడు. ఇప్పుడు ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ డబ్బా, పోయిందేమో, మార్చి చూద్దాం అన్నారట. మార్చి చూడటమేమిటి, అదేమన్నా చొక్కానా?

బండి కంప్యూటర్‌లో తప్పు ఎక్కడుందో చూపించే స్కానర్ పెట్టాను. తప్పు కోడ్ ఏదీ లేదు. ఈ స్కానర్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్6. దేశమంతా లాక్‌డౌన్‌లో ఇళ్లలో కూర్చుని ఉంటే మా బతుకులో పెట్రోలు, గాలి కలిపే కార్బురేటర్ అలా చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. ఇరవై ఏళ్లు చెవితో విని ట్యూనింగ్ చేసినవాణ్ణి, దాని బదులొచ్చిన ఇంజెక్టర్లు, సెన్సార్లు మొదటి నుంచి నేర్చుకున్నాను. యూట్యూబ్‌లో హిందీ వీడియోలు చూసి, సగం అర్థమై, సగం చెయ్యి కాల్చుకుని. స్కానర్‌కి మా ఆవిడ గాజులు కుదువ పెట్టాను. అది పెట్టి చూస్తే ఫ్రీ అనుకుంటారు జనం. 'ఫోన్ పెట్టి చూసినట్టేగా' అన్నాడు మొన్నొకడు.

సరే, బండి సంగతి. ప్యానెళ్లు విప్పాను. స్కూటర్ ప్యానెల్ విప్పడమంటే ఏమిటో విప్పినవాడికే తెలుసు, ఒక్క క్లిప్పు విరిగితే దోషం మనదే. పంపు ప్రెషర్ చూశాను, బాగుంది. ఫ్యూజులు, రిలే, ఎర్తింగ్ అన్నీ బాగున్నాయి. సెంటర్ స్టాండ్ మీద ఇరవై నిమిషాలు ఇంజిన్ నడిపినా ఆగదు. ఇక విసుగొచ్చి హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను. ఎడమకి పూర్తిగా తిప్పేసరికి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి కుడికి తిప్పితే ఆగలేదు. ఎడమకి తిప్పితే మళ్లీ ఆగింది.

అప్పుడు దొరికింది. హ్యాండిల్ మెడ దగ్గర వైర్ల కట్ట వంగే చోట ఒక వైరు. పైన తొడుగు చెక్కు చెదరలేదు, లోపల రాగి మాత్రం చిలుము పట్టి పచ్చగా అయిపోయింది, రెండు పోగుల మీద వేలాడుతోంది. సముద్రం పక్కన ఉండే ఊరు మరి. బీచ్ వైపు ఇళ్ల బండ్లు చూస్తే సైలెన్సర్, స్క్రూలు, కనెక్టర్లు ముందు తినేస్తుంది ఉప్పుగాలి. పాడైన చోట కోసి, కొత్త వైరు అతికి, సోల్డరింగ్ పెట్టి, స్లీవ్ తొడిగి, మళ్లీ లాగుడు పడకుండా కట్టాను. వెతకడానికి రెండున్నర గంటలు, అతకడానికి పది నిమిషాలు.

సారువారు ఆ రెండున్నర గంటలూ టిఫినుకి వెళ్లారు, టీకి వెళ్లారు, ఫోన్లో మాట్లాడారు. తిరిగొచ్చి చూసింది ఆ పది నిమిషాలే.

"ఎంత గురూ?"

"నాలుగొందల యాభై సార్."

"ఏటీ? జానెడు వైరు ముక్కకి నాలుగొందల యాభయ్యా?"

నిన్న ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వంజరం తెచ్చానని, కిలో ఎంతైందో కూడా అంతకుముందే ఈయనే చెప్పాడు నాకు. అక్కడ బేరమాడితే ఆ చేపలమ్మ ఏం తిడుతుందో తెలుసు కాబట్టి గప్‌చుప్‌గా ఇచ్చి ఉంటాడు. నేను తిట్టనుగా. నేను 'సార్' అంటానుగా.

మా కుర్రాడు పక్కనే స్పానర్లు తుడుస్తున్నాడు. ఆయన వెళ్లాక వాడన్న మాటే నన్ను అప్పట్నుంచి తినేస్తోంది. "అన్నా, వైరింగ్ కిట్టు మొత్తం పోయిందని చెప్పి కొత్తది వేసేస్తే ఐదు వేలు బిల్లయ్యేది. డబ్బా చేతిలో పెడితే మాట్లాడకుండా ఇచ్చేవాడు." పందొమ్మిదేళ్ల గుంటడు. వాడికేం చెప్పను? తప్పురా అనబోయాను, నోరు రాలేదు. నిజమేగా! షోరూం వాళ్లు పాడవని పంపు మార్చినా వాళ్లు గొప్ప, ఏసీ ఉంది, సోఫా ఉంది, అట్టపెట్టె ఉంది. పాడైంది ఏదో కనిపెట్టిన నేను దొంగని.

ఈ కుర్రాడూ ఎన్నాళ్లుంటాడో తెలియదు. ముందున్న ఇద్దరికీ పంక్చర్ నుంచి ఇంజిన్ దించడం దాకా నేర్పాను, ఇద్దరూ ఇప్పుడు ఫుడ్ డెలివరీ. ఒకడు దారిలో బండి ఆగితే నాకే ఫోన్ చేస్తాడు. తిట్టలేను. అద్దె, కరెంటు బిల్లు పోను నేనిచ్చే జీతమెంతో నాకు తెలుసు.

డబ్బుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. బండి పార్టుల మీద జీఎస్టీ 28 శాతం ఉన్నన్నాళ్లు ఒక్కడంటే ఒక్కడు అడిగాడా ఎంత కడుతున్నావని? నాకు జీఎస్టీ నంబరు లేదు, కట్టింది తిరిగి రాదు, నా నెత్తినే. 2025 సెప్టెంబరు 22న 18 అయింది. ఆ మర్నాడు పొద్దున్నే, షట్టర్ సగం ఎత్తానో లేదో, "తగ్గిందిగా, బ్రేక్ షూలు ఎంతకిస్తావ్?" అని ముగ్గురు. అయ్యా, ఆ షూలు నేను ఆగస్టులో కొన్నవి. 28 కట్టి. వింటేగా!

ఇంతకీ ఆయన మూడొందలిచ్చాడు. "మిగతాది రేపు ఫోన్‌పే చేస్తాలే" అన్నాడు. నంబరు కూడా తీసుకోలేదు, ఎక్కడికి చేస్తాడో.

ఈ 'రేపు' అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. హుద్‌హుద్ తుఫానులో ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. నా షాపు రేకులు ఎక్కడికి ఎగిరిపోయాయో ఇప్పటికీ తెలియదు. కంప్రెసర్ మీద చెట్టు కొమ్మ. మర్నాటి నుంచి వీధంతా బండ్లే. హ్యాండిళ్లు వంకర, ఫోర్కులు వంకర, ఇంజిన్లలో నీళ్లు. కరెంటు లేదు, ఏటీఎంలు లేవు, పెట్రోలు బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూలు. ఎవరి దగ్గరా డబ్బులు లేవు, ఆ రోజుల్లో అడగడం కూడా మనిషి చేసే పని కాదు. నెత్తి మీద టార్పాలిన్ కట్టుకుని, పగటి వెలుతురులో చేశాను. పేర్లు నోటు పుస్తకంలో రాసుకున్నాను. చాలామంది తెచ్చిచ్చారు, అబద్ధం చెప్పను. ఒక ముసలాయన సంక్రాంతికి వెతుక్కుంటూ వచ్చి రెండొందలిచ్చి, కూతురింటి అరిసెలు కూడా పెట్టి వెళ్లాడు.

మా వీధి చివర ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆఫీసరు. ఆయన బండి మీద వేపచెట్టు పడింది. ఫోర్కు మార్చాను, హెడ్‌లైటు, మీటరు, ఇంజిన్ మొత్తం విప్పి కడిగాను. ఆటోనగర్ దాకా తీసుకెళ్లి లేత్ పని చేయించిన డబ్బులు కూడా నావే. 6,400. "మార్చిలో ఎరియర్స్ వస్తాయి, ఇచ్చేస్తాను బాబూ" అన్నాడు. ఏ సంవత్సరం మార్చో చెప్పలేదు. నేనూ అడగలేదు, అదే నా తెలివి. తర్వాత ఒక కారు కొన్నాడు, అది అమ్మి ఇంకో పెద్ద కారు కొన్నాడు. సర్వీసింగు షోరూంలోనే, "మీ దగ్గర ఇలాంటి బండ్లకి సామాను ఉండదుగా బాబూ" అని నాకే చెప్పాడు, ఎంతో ప్రేమగా. గాలి మాత్రం నా దగ్గరే. నెలకి రెండుసార్లు వస్తాడు, అద్దం దించుతాడు, నాలుగు టైర్లకీ కొట్టిస్తాడు, స్టెపినీ కూడా చూడమంటాడు. చెయ్యూపుతాడు, వెళ్లిపోతాడు. దసరాకి ఆయుధ పూజ చేస్తే వచ్చి ప్రసాదం రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాడు.

ఆ నోటు పుస్తకం ఇంకా టూల్ డబ్బా కింద ఉంది. అట్ట పోయింది. ఆయన పేజీ ఉంది.

మా ఆవిడ అన్నానికి మూడోసారి పిలుస్తోంది. రేపు ఆదివారం, షాపు ఒంటిగంట దాకానే. బ్రేకులు, పంక్చర్లు తప్ప ఇంకేమీ ముట్టుకోను. 'ఐదు నిమిషాల పనే అన్నా' అని ఫోన్ చెయ్యకండి, ఎవరన్నా సరే.