ఇస్తినమ్మ బ్యానరు, పుచ్చుకుంటినమ్మ బ్యానరు

మా వదిన గుంటూరులో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. ఈమధ్య వెబ్‌సైటు కూడా పెట్టింది. జనం రావాలంటే ఏం చెయ్యాలని, అమీర్‌పేటలో కోర్సు చేసొచ్చిన ఒక కుర్రాణ్ని అడిగింది. "బ్యానర్ ఎక్స్ఛేంజ్ ఆంటీ, పైసా ఖర్చుండదు" అన్నాడు. ఆ 'పైసా ఖర్చుండదు' విన్నప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

ఈ శాస్త్రం ప్రాచీనమైనది. 1996లో అమెరికాలో లింక్ఎక్స్ఛేంజ్ అని ఒకటి మొదలైంది. మన సైటులో ఊళ్లోవాళ్ల బ్యానర్లు, అంటే ప్రకటన బొమ్మలు, రెండుసార్లు చూపిస్తే, మన బ్యానరు ఎక్కడో ఒకసారి చూపిస్తారు. మరి ఆ రెండోసారి చోటు? అది వాళ్లు అమ్ముకుంటారు. 1998లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని సుమారు 26.5 కోట్ల డాలర్లకు కొనేసింది. పైసా ఖర్చుండని వ్యవహారం కదా, అంతేలెండి.

మనకిది కొత్తా? శ్రావణ మాసంలో పక్కింటావిడ వాయనంలో ఇచ్చిన జాకెట్టు ముక్క మనం ఎదురింటికిస్తాం, వాళ్లు వెనకింటికిస్తారు. నాలుగో శుక్రవారానికి అదే ముక్క, అదే మడత, అదే పసుపు మరకతో మన ఒళ్లో పడుతుంది. కుట్టించుకున్నవాళ్లు మాత్రం లేరు. వదిన సైటులో బోరుబావుల బ్యానరు. బోరుబావుల సైటులో జాతకాలాయన బ్యానరు. జాతకాల సైటులో వదిన ఆవకాయ. బోరు వేయిద్దామని వచ్చిన రైతు, నీళ్లు పడతాయో లేదోనని జాతకం చూపించుకుని, శని నడుస్తోందని విని, ఆ దిగులుతో కిలో ఆవకాయ కొనాలి. అదీ ప్లాను. జరిగిందేమిటంటే, తమ బ్యానరు కనబడుతోందా అని ముగ్గురు ఓనర్లూ పొద్దునా సాయంత్రం ఒకరి సైటు ఒకరు తెరిచి చూసుకున్నారు. "ట్రాఫిక్ పెరిగింది ఆంటీ" అన్నాడు కుర్రాడు.

సరే, డబ్బులే పెడదామనుకున్నాం. 1994లో మొట్టమొదటి బ్యానర్లలో ఒకదాన్ని, చూసినవాళ్లలో 44 శాతం మంది నొక్కారట. ఇప్పుడు వెయ్యిమందిలో ఒకడు నొక్కితే పండగే. అందుకని గూగుల్‌లాంటి చోట వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనలు పట్టాం. అక్కడ నొక్కుడుకింత అని వసూలు. వదిన రోజుకు మూడొందలు పెడితే పొద్దున ఏడింటికల్లా హారతి కర్పూరం. తీరా చూస్తే నొక్కినవాళ్లంతా 'ఆవకాయ ఎలా పెట్టాలి' అని వెతికినవాళ్లు! 'ఎలా' అనే మాటను నెగెటివ్ కీవర్డుల్లో, అంటే 'ఈ మాటతో వెతికితే మా ప్రకటన చూపించొద్దు' అనే జాబితాలో, పెట్టాలని మన నిపుణుడికి తట్టలేదు. పైన పద్ధెనిమిది శాతం జీఎస్టీ, పోపులో ఇంగువలా.

ఇంతవరకూ నవ్వుకున్నాను. ఓరోజు వదిన బ్రాండు పేరే కొట్టి వెతికితే, అన్నిటికన్నా పైన ఇంకో పచ్చళ్ల కంపెనీ ప్రకటన! ఆ పై చోటుకు వేలం పాటట. అలా కాకూడదంటే తన పేరు మీద తనే పాడుకోవాలట. ఇరవై ఏళ్లు కారం దంచిన చేతులవి. అరచేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని మళ్లీ కలిపిన చేతులు. ఆ పేరు నోట్లో రుచి మిగిలినవాళ్లు ఇచ్చింది. ఆ రుచి కోసమే వెతుక్కుంటూ వస్తున్న మనిషిని వీధి మొగలో ఆపి పక్క దుకాణంలోకి తోసి, తోయకుండా ఉండటానికి ఆవిడ దగ్గరే మామూలు అడుగుతారా? మా ఊళ్లో దీన్ని మార్కెటింగ్ అనరు, దౌర్జన్యం అంటారు.

వదిన రెండూ ఆపేసింది. నిన్న బోరుబావులాయన ఫోన్ చేసి రెండు కిలోల గోంగూర పంపమన్నాడు. డబ్బుల బదులు ఆరు నెలలు ఆవిడ బ్యానరు తన సైటులో చూపిస్తాడట.