పదకొండు సెకన్ల ఆకాశవాణి

డాలస్ శివార్లలో మా వీధికి సొంత ఎఫ్ఎం రేడియో స్టేషన్ ఉంది. డైరెక్టర్, న్యూస్ ఎడిటర్, అనౌన్సర్, నైట్ వాచ్‌మన్ అన్నీ నేనే. స్టూడియో లాండ్రీ రూములో. ట్రాన్స్‌మిటర్ సబ్బుపెట్టె కన్నా కొంచెం పెద్దది, దాని వైరు కిటికీ అద్దానికి టేపుతో అంటించి ఉంటుంది. వాషింగ్ మెషిన్ బట్టలు పిండే వేళ ప్రసారాలకు అంతరాయం కలుగుతుంది. అందుకు చింతిస్తున్నామని రోజూ చెబుతూనే ఉన్నాను.

ఏ నంబరు మీద వస్తుందో మాత్రం ఇక్కడ రాయను. ఈ ఊళ్లో ఎఫ్ఎం డయల్ మీద ఖాళీ జాగా దొరకడం, మియాపూర్‌లో కబ్జా కాని ప్లాటు దొరకడం ఒకటే. రాస్తే ఇంకెవరో పాగా వేస్తారు.

దీనికి లైసెన్సు అక్కర్లేదు. అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్ వారి పార్ట్ 15 రూల్ ప్రకారం, యాంటెనాకు మూడు మీటర్ల దూరంలో సిగ్నల్ బలం మీటరుకు 250 మైక్రోవోల్టులు దాటకపోతే, ఎవరి ఇంట్లో వాళ్లు రేడియో పెట్టుకోవచ్చు. అంత సిగ్నల్ సుమారు 200 అడుగుల దాకా వెళ్తుందని వాళ్లే చెబుతారు. మా వీధిలో కారు వేగం గంటకు 25 మైళ్లు, అంటే సెకనుకు దాదాపు 37 అడుగులు. ఇటు 200, అటు 200 వేసుకుంటే ఒక శ్రోత నా స్టేషన్ పరిధిలో ఉండేది పదకొండు సెకన్లు.

ఆ పదకొండు సెకన్లలోనే జాతికి సందేశం ఇవ్వాలి. నమస్కారానికి ఒక సెకను. స్టేషన్ పేరుకు రెండు. ‘వార్తలు చదువుతున్నది’ అని ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పడానికి మూడు. మిగిలిన ఐదులో: మూలింటి వాళ్ల కుక్క దొరికింది, రేపు చెత్త బండి రాదు. అంతే, కారు మలుపు తిరిగిపోతుంది. పేరు తీసేస్తే ఇంకో వార్త పడుతుంది కదా అని మా ఆవిడ సలహా ఇచ్చింది. పేరే తీసేస్తే ఇక రేడియో స్టేషన్ దేనికి?

ఈ సదుపాయాన్ని ఇక్కడివాళ్లు ఎక్కువగా క్రిస్మస్ దీపాలకు వాడతారు. ఇంటినిండా బల్బులు కట్టి, పాటకు తగ్గట్టు వెలిగి ఆరేలా కంప్యూటర్‌కి తగిలించి, రేడియోలో ఫలానా నంబరు పెట్టుకోండని లాన్‌లో బోర్డు పాతుతారు. కార్లు ఆగి, అద్దాలు ఎత్తుకుని, పాట పూర్తిగా వినిపోతాయి. నేను దీపావళికి కట్టిన సీరియల్ సెట్లు జనవరి దాకా విప్పను (బద్ధకం అనుకునేవాళ్లు అనుకోవచ్చు). అయినా మా ఇంటి ముందు కారు ఆగదు. కుక్క దొరికిన వార్తకు బల్బులు ఎలా ఆడించాలో నాకింకా తెలియలేదు.

ఇలాంటి పరికరాల మీద చిన్న అక్షరాల్లో రెండు షరతులు ఉంటాయి. ఒకటి, నువ్వు ఎవరికీ హాని కలిగించకూడదు. రెండు, ఎవరు నీకు అడ్డం వచ్చినా నోరు మూసుకుని భరించాలి. పెళ్లయిన కొత్తలో మా మేనత్త నా చెవిలో చెప్పినవి కూడా సరిగ్గా ఈ రెండే. పైగా ఎఫ్ఎంలో ఒకే నంబరు మీద ఇద్దరు మాట్లాడితే, గట్టిగా వచ్చేదాన్నే రేడియో పట్టుకుంటుంది, రెండోవాడు ఉన్నట్టు ఆనవాలు కూడా మిగలదు. ఈ సంసారపక్షపు శాస్త్రం నాకు కొత్త కాదు.

పవర్ పెంచే డబ్బా ఒకటి తగిలించు, ఊరంతా వినపడుతుందని ఒక మిత్రుడు ఊరించాడు. 2020లో వచ్చిన చట్టం దొంగ రేడియోకి జరిమానా రోజుకు లక్ష డాలర్ల దాకా, మొత్తం 20 లక్షల దాకా పెట్టింది. అప్పట్నుంచి నాకు చట్టం మీద గౌరవం బాగా పెరిగింది.

మన దేశంలో సొంత స్టేషన్లకు ఈ పాటి భాగ్యం కూడా పట్టలేదు. హైదరాబాద్ రేడియో మొదలైందే చిరాగ్ అలీ లేన్‌లో మహబూబ్ అలీ అనే ఆయన సొంతంగా పెట్టిన 200 వాట్ల స్టేషన్‌తో. 1935లో నిజాం సర్కారు దాన్ని తీసేసుకుంది. బీహార్‌లోని మన్సూర్‌పూర్‌లో రేడియోలు బాగుచేసుకునే రాఘవ్ మహతో చేత్తో కట్టిన స్టేషన్‌ని 2006లో సర్కారు మూయించింది. కంటికి కనపడని, చెవికి తగలని తరంగానికి లైసెన్సు కావాలి. కిటికీ అద్దాలు అదిరే డీజే బండికి మాత్రం ట్రాక్టరుంటే చాలు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్ దాటకూడదని 2000లోనే రూల్ రాశారు. ఆ చప్పుడులో అది ఎవరికీ వినపడినట్టు లేదు.

అందుకే నా ప్రతిపాదన. ఈ 250 మైక్రోవోల్టుల నియమాన్ని మైకులకూ వర్తింపజేయాలి. ముందుగా ఇక్కడి మన తెలుగు సంఘాల ఉగాది సభల్లో. వందన సమర్పణ చేసేవారికి పదకొండు సెకన్లు. తర్వాత సిగ్నల్ అందదు, పులిహోర చల్లారదు.

ఇక శ్రోతల విషయం. నాకు ఒక్కరే ఉన్నారు, మా మావగారు. విజిటర్ వీసా మీద విజయవాడ నుంచి వచ్చారు. కోతిటోపీ, తెల్ల బూట్లు, చేతిలో పాకెట్ ట్రాన్సిస్టర్. గంటకు మూడు మైళ్ల నడకన 400 అడుగులు దాటడానికి ఆయనకు నిమిషంన్నర పడుతుంది. కాబట్టి వాతావరణం కూడా వింటారు. విజయవాడ కేంద్రం వార్తలతో పెరిగిన మనిషి, ఉచ్చారణలో రాజీ పడరు.

“అల్లుడుగారూ, ‘శనివారం’లో ‘శ’ పలకడం లేదు. ఓక్ చెట్టు దాటాక అసలేమీ పలకడం లేదు.”

ఆయన ఆర్నెల్లూ అయిపోవస్తున్నాయి. ఆయన విమానం ఎక్కిన రోజున నా శ్రోతల సంఖ్య నూటికి నూరు శాతం పడిపోతుంది. వీసా పొడిగింపు దరఖాస్తులో కారణం అన్నచోట ‘స్థానిక ప్రసార వ్యవస్థ మనుగడ’ అని రాశాను. మా ఆవిడ అది కొట్టేసి ‘కుటుంబ కారణాలు’ అని పెట్టింది.