తాళపత్రం తెరమీదికి వచ్చింది, చదివేవారేరీ?

2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన జ్ఞాన భారతం మిషన్ కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి, నమోదు చేసి, భద్రపరుస్తామంటోంది. ఇలాంటి పనికే 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ కథను ఇక్కడ తిరగదోడను. తాళపత్రాన్ని ఫొటో తీసినంత మాత్రాన అది లోకానికి అందినట్టు కాదన్నదే నా వాదన. అందులో ఏముందో చెప్పే సూచిక, దాన్ని చదవగల మనిషి లేనప్పుడు అటక మీది కట్ట సర్వర్‌లోకి మారుతుంది, అంతే.

ఏదైనా భాండాగారం అంతర్జాలంలో పెట్టిన తెలుగు తాళపత్రాన్ని ఒకసారి తెరిచి చూడండి. తాడు ఎక్కించడానికి రంధ్రాలు, అంచున తెలుగు అంకెల్లో పత్రసంఖ్య కనిపిస్తాయి. గంటంతో, అంటే ఇనుప మొనతో, గీసిన అక్షరాలు పదానికీ పదానికీ నడుమ ఎడం లేకుండా ఆ కొస నుంచి ఈ కొస దాకా సాగుతాయి. పద్యం ఎక్కడ ముగిసిందో, పాదం ఎక్కడ విరిగిందో కంటికి తెలియదు. ఎ, ఏ అక్షరాలకు భేదం చాలా ప్రతుల్లో ఉండదు. అక్షరానికి ముందు పలికే రకారపు పొల్లును దాని పక్కన చూపే గుర్తు వలపలగిలక ఈ కాలపు చదువరికి ఏదో అంకెలా తోస్తుంది. అక్షరాలు కనిపించేలా మసి పూయని గీతలైతే ఎంత పెద్దవి చేసి చూసినా ఆకు ఈనెల్లో కలిసిపోతాయి. ఛందస్సు తెలిసినవారు యతిప్రాసలు పట్టుకుని పదాలు విడదీస్తారు, తెలియనివారికి అది బొమ్మే.

అచ్చు పుస్తకాల గతి ఇప్పటికే చూశాం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు వల్ల వేలాది పాత తెలుగు పుస్తకాలు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోకి చేరాయి, అక్కడి నుంచి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోకి కూడా వెళ్లాయి. ఆ మేలు మరువరానిది. కానీ తెలుగు లిపిలో పేరు కొట్టి వెతికితే వాటిలో ఎన్నో దొరకవు. పుస్తకం పేరు వంకరటింకర రోమన్ అక్షరాల్లో, రచయిత స్థానంలో 'నాట్ అవైలబుల్' అని ఉంటుంది, ముఖపత్రం మీద కవి పేరు నిక్షేపంలా ఉన్నా సరే!

ఆకులు పురుగు పట్టి రాలిపోతున్నాయి కనుక ముందు బొమ్మ తీద్దాం, రేపు యంత్రమే చదివిపెడుతుంది అనేవారున్నారు. తొందర అవసరమన్న మాట నిజమే. అయితే యంత్రానికి నేర్పాలన్నా ముందు మనుషులు చదివి సరిచూసిన పుటలు కావాలి కదా.

బ్రౌన్ దొర గొప్పతనం ప్రతులు పోగేయడంతో ఆగిపోలేదు. కడప బంగళాలో సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు ముందేసుకుని, పాఠభేదాలు సరిచూపించి శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయినా, 1852లో నిఘంటువు వెలువడినా వెనుక ఉన్నది ఆ చాకిరే. నన్నెచోడుడి కుమారసంభవం తంజావూరు సరస్వతీ మహలులో ఉంది, కానీ మానవల్లి రామకృష్ణకవి గుర్తించి 1909లో ప్రకటించే దాకా తెలుగు పాఠకుడికి అది లేనట్టే. ఇక అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులు తిరుమల గుడిలోనే శతాబ్దాల పాటు ఉన్నాయి. రాగిరేకుకు చెద పట్టదు, అక్షరం చెరగదు. భద్రతే చాలుననుకుంటే అంతకు మించిన భద్రత ఏముంది? అయినా వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు చదివి పరిష్కరించిన తరువాతే ఆ కీర్తనలు మన ఇళ్లలో వినిపించాయి.

అలాంటి చదువరులను తయారు చేయాల్సిన మన తెలుగు శాఖల గురించే నా అసలు బెంగ. ఎం.ఎ. పట్టా పుచ్చుకున్నవారిలో ఎంతమంది తాళపత్రాన్ని చేత్తో పట్టుకున్నారు? గ్రంథ పరిష్కరణ, అంటే ప్రతులు సరిచూసి సరైన పాఠం తేల్చడం, పరీక్షలో రాసే ప్రశ్నగా కాక, ఒక కట్టను విద్యార్థి ముందుంచి ఏడాది పాటు చేయించే పనిగా ఉండాలి. స్కానర్‌కు నిధులిచ్చే ప్రతి పథకంలోనూ ఆ పని నేర్చినవారికి జీతం కేటాయించాలి.

రాతప్రతుల చివర లేఖకులు తరచుగా ఒక శ్లోకం రాసేవారు: వీపు, నడుము, మెడ విరిగేలా తల వంచుకుని కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని. ఆ ప్రతిని ఎవరు, ఏ సంవత్సరంలో, ఎవరి కోసం రాశారో చాలాసార్లు ఆ పక్కనే ఉంటుంది. కట్ట మొత్తం చదవడానికి ఏళ్లు పడితే పట్టనివ్వండి, ముందు ఆ చివరి ఆకును చదివి, అందులోని పేర్లను తెలుగు లిపిలో సూచికకు ఎక్కించండి.