భీమిలిలో నడిచేవారికి దారేదీ?

విశాఖపట్నం నుంచి సముద్రం వెంబడి భీమునిపట్నం వెళ్లేవారిలో చాలామంది గోస్తనీ నది కడలిలో కలిసేచోట కారు దిగి, నాలుగు ఫొటోలు తీసుకుని, బజ్జీలు తిని వెనుదిరుగుతారు. ఊరు మాత్రం చూడరు. ఒక్క పూటలో కాలినడకన చుట్టి రాగల పాత రేవు పట్టణాలు తెలుగు తీరంలో ఎన్నో మిగలలేదు. బందరును 1864 నాటి ఉప్పెన ఊడ్చిపెట్టింది. అలా మిగిలిన కొద్దివాటిలో భీమిలి ఒకటి. డచ్చివారి సమాధులు, దీపస్తంభం, గడియార స్తంభం, సెయింట్ పీటర్స్ చర్చి, కొండమీది నరసింహస్వామి గుడి, వీటి మధ్య దూరాలు నడిచేవారి కోసమే కొలిచి పెట్టినట్టుంటాయి.

దానికి కారణం లేకపోలేదు. పడవల్లో దిగిన సరుకు తలమీదో, కావడిమీదో, ఎడ్లబండిమీదో గిడ్డంగికి చేరవలసిన రోజుల్లో రేవు, గిడ్డంగి, కచేరీ, బజారు ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉండక తప్పలేదు. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ స్థిరపడిన డచ్చి వర్తకులు 1825లో ఊరిని ఆంగ్లేయులకు అప్పగించి వెళ్లారు. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. అంత పాత పురపాలన గల ఊరు ఇప్పుడు విశాఖ మహానగరంలో ఒక భాగం.

సమాధుల తోటలో కాసేపు నిలబడితే ఈ చరిత్ర చేతికి తగులుతుంది. సున్నం పెచ్చులూడినచోట ఇటుక వరుసలు బయటపడి కనిపిస్తాయి. ఉప్పుగాలికి అరిగిన డచ్చి అక్షరాలను కంటితో కన్నా వేలితో తడిమి పోల్చుకోవడమే తేలిక. అయితే ఈ అందానికి మురిసిపోయేవారు ఒక సంగతి మరువరాదు: కోరమాండల్ తీరం నుంచి మన నేతగాళ్ల బట్టలతో పాటు మనుషులను సైతం బానిసలుగా ఓడలెక్కించిన వ్యాపారం అది. ఆ మాట కూడా రాసి ఉన్న తెలుగు ఫలకం అక్కడ ఉండాలన్నది మా కోరిక.

ఈ విషయంలో పుదుచ్చేరి నుంచి నేర్చుకోవలసినది చాలా ఉంది. మన యానాం ఆ ప్రాంతపు పాలనలోనిదే గనుక ఈ పోలిక పరాయిదేమీ కాదు. అక్కడి సూటి వీధుల ప్రణాళిక 1693 నుంచి 1699 వరకు ఊరిని ఏలిన డచ్చివారి చలవే. తర్వాత ఫ్రెంచివారు దాని మీదే ఊరు పెంచారు. కాలువకు ఒకవైపు ఎత్తయిన ప్రహరీల వెనుక పెరళ్లు దాచుకున్న ఇళ్లు, మరోవైపు బాటసారి కూర్చోవడానికి వీధి అరుగులు వదిలిన తమిళుల ఇళ్లు. సముద్రం పక్కన కిలోమీటరున్నర పొడవున్న గూబేర్ అవెన్యూలోకి సాయంత్రం నుంచి మర్నాటి ఉదయం వరకు వాహనాలను రానివ్వరు. ముసలివారు, పిల్లలు రోడ్డు నడిమధ్యన నడుస్తారు. భవనాల విషయంలో మాత్రం అక్కడా అలసత్వం జరిగింది. ఫ్రెంచివారి కాలపు పురపాలక కార్యాలయమైన పాత మేరీ భవనం 2014 వానల్లో కూలిన తర్వాతే దాన్ని మునుపటి రూపంలో మళ్లీ కట్టారు.

తమిళనాడు తీరంలోని తరంగంబాడిది ఇంకో దారి. 1620లో డేన్లు, అంటే డెన్మార్క్ వారు, కోట కట్టుకున్న ఆ చిన్న ఊరు ఏ పెద్ద నగరం అంచునా లేకపోవడంవల్ల దాని రాజవీధి నిమ్మళంగా ఉండిపోయింది. భీమిలికి ఆ అదృష్టం లేదు. విశాఖ దాని గుమ్మందాకా వచ్చేసింది.

సుందరీకరణ పేరిట గ్రానైటు పలకలు, రంగుల దీపాలు, సిమెంటు బొమ్మలు వద్దు. కార్లను ఊరి బయటే ఆపే స్థలం, నీడనిచ్చే చెట్లు, కాలిబాటలు, పాత పెంకుటిళ్లు పడగొట్టకుండా బాగు చేసుకునే యజమానులకు పన్నులో కొంత వెసులుబాటు కావాలి. మత్స్యకారులు పడవలు లాగి వలలు ఆరబెట్టుకునే ఇసుకను సందర్శకుల కోసం ఖాళీ చేయించే ఆలోచనే రాకూడదు. రేవు పట్టణంలో ఇప్పటికీ రేవుగా మిగిలింది వారి చోటే. వీటన్నిటికీ సమయం పడుతుందంటే ఒప్పుకుంటాం. కానీ ఊరి నడుమ సముద్రం పక్కనున్న రోడ్డును ఆదివారం సాయంత్రాలు వాహనాలకు మూసివేయడానికి రెండు అడ్డుకంచెలు, నలుగురు కానిస్టేబుళ్లు చాలు. అది వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు.