పొద్దుటి ఆలస్యం, సాయంత్రం పడిగాపులు

సాయంత్రం ఆరున్నరకు లేవాల్సిన విమానం ఎనిమిదైనా కదలకపోతే గన్నవరంలో వినిపించే సంజాయిషీ ఒక్కటే: ‘నిర్వహణ కారణాల వల్ల’. ఆ కారణం చాలాసార్లు పొద్దున్నే, మరో ఊళ్లో పుట్టి ఉంటుంది.

దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే 70 పైచిలుకు సీట్ల ఏటీఆర్ విమానానికి రెండు ట్రిప్పుల మధ్య దొరికేది దాదాపు అరగంట. అందులోనే ప్రయాణికులు దిగాలి, సామాను దించాలి, క్యాబిన్ శుభ్రం చేయాలి, ఇంధనం నింపాలి, కొత్తవారు ఎక్కాలి, బరువు లెక్కల షీటు కెప్టెన్‌కు అందాలి. చెకిన్ చేసిన ఒక్క మనిషి గేటుకు రాకపోతే అతని పెట్టెను వెతికి కిందికి దించాల్సిందే. కూడబెట్టిన నిమిషాలన్నీ అక్కడే పోతాయి.

పొగమంచుతో తొలి ట్రిప్పు 40 నిమిషాలు వెనకబడిందనుకుందాం. ప్రతి మజిలీలో 5 నిమిషాలు మిగిల్చినా కోలుకోవడానికి ఎనిమిది మజిలీలు కావాలి. అన్ని పూర్తయ్యేసరికి రోజు దాదాపు గడిచిపోతుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ల్యాండింగ్‌కు గాల్లో చక్కర్లు కొట్టిస్తే మిగిల్చిందీ హరీ. ఈలోగా పైలట్ల డ్యూటీ గంటలు నిండితే, మారు సిబ్బంది లేని ఊళ్లో విమానం రద్దవడమే. పౌర విమానయాన డైరెక్టరేట్ నెలవారీ నివేదికల్లో ఆలస్యాలకు ప్రధాన కారణంగా కనిపించేది కూడా, ఒక ట్రిప్పు ఆలస్యం తర్వాతి ట్రిప్పులకు పాకే ఈ గొలుసే. అక్కడ దాని పేరు ‘రియాక్షనరీ’.

మధ్యాహ్నం ఒక మజిలీని గంటకు పెంచితే గొలుసు అక్కడ తెగుతుంది. అందుకు ఒక ట్రిప్పు ఆదాయం వదులుకోవాల్సి రావచ్చు. సంస్థల అభ్యంతరం నిజమే గానీ, ఆ ఖర్చును ఇప్పుడు మోస్తున్నది ప్రయాణికుడు. గుంటూరు నుంచి వచ్చి, హైదరాబాద్‌లో వేరే టికెట్‌పై మరో విమానం అందుకోవాల్సిన వారికి అది తప్పిపోతే రెండో సంస్థ బాధ్యత వహించదు. రెండున్నర గంటల్లోపు ప్రయాణాల్లో ఆలస్యం 2 గంటలు దాటితే అల్పాహారం, 6 గంటలు దాటితే మరో విమానమో పూర్తి వాపసో ఇవ్వాలని నిబంధన ఉంది. గంటన్నర ఆలస్యానికి ఆ నిబంధన కింద దక్కేదేమీ లేదు.

ఆ విమానం ఇప్పుడు ఎక్కడుందో, ఎంత వెనకబడి వస్తోందో సంస్థకు మధ్యాహ్నానికే తెలుసు. ఆ సంగతి ప్రయాణికుడి ఫోన్‌కు అప్పుడే పంపడాన్ని తప్పనిసరి చేయాలి. అలా చేస్తే గుంటూరు వాసి ఇంటి దగ్గరే ఆగి, ఆలస్యంగా బయల్దేరతాడు.