ఆ పదిహేనొందలూ తిరిగిచ్చేశాను

పన్నెండేళ్లుగా పుస్తకాల గురించి రాస్తున్నాను. అందుకుగాను నేను పుచ్చుకున్న డబ్బు మొత్తం పదిహేనొందల రూపాయలు. అదీ ఒక్కసారే. అదీ తిరిగిచ్చేశాను.

ఇప్పుడెందుకీ సంగతంటే, మొన్న పెళ్లిలో మా చిన్న బావ భోజనాల బంతిలో అందరి ముందూ అడిగాడు. "రాత్రిళ్లు కూర్చుని ఇంతింత రాస్తావు కదా, నెలకెంతొస్తుందిరా?" ఏమీ రాదన్నాను. "మరెందుకురా ఈ యాతన?" అన్నాడు. బావ మీద కోపం లేదు. లింకులు పెట్టమనీ, పబ్లిషర్లని అడగమనీ, వీడియోలు చెయ్యమనీ చెప్పేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. బంతిలో జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

నాకు లెక్కలు తెలియక కాదు. పాలకొల్లు దగ్గర రైసు మిల్లులో లెక్కలు రాయడమే నా ఉద్యోగం. తెలుగులో కథల పుస్తకం ఐదొందలో వెయ్యో కాపీలు వేయడం మామూలు. లింకు పెట్టి కొనిపిస్తే ధరలో కొంత శాతం వస్తుంది, రెండొందల రూపాయల పుస్తకం మీద అది టీ ఖర్చుకి సరి. తెలుగు పేజీలకి గూగుల్ ప్రకటనలు 2018లో వచ్చాయి గానీ, నా రాతలు చదివే వందా నూటయాభై మందితో అది అయ్యే పని కాదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. అంగట్లో ఉన్న పుస్తకానికే కమీషను. నేను ప్రాణం పెట్టి ఏ పుస్తకాల గురించి రాశానో వాటిలో సగం ఇవాళ ఏ కొట్లోనూ దొరకవు.

ఇక ఆ పదిహేనొందలు. మూడేళ్ల కిందట ఒక ప్రచురణకర్త కొత్త నవల పంపి, దాని గురించి రాయమని డబ్బు వేశారు. సగం వరకూ బాగుంది, ఆ తర్వాత కథ దారి తప్పింది. ఉన్నదున్నట్టు రాసి పంపాను. "ఆ ఒక్క వాక్యం తీసేస్తే బాగుంటుందండీ" అని ఫోను. తీసేశాను. ఒక్క వాక్యమే కదా అనుకున్నాను.

రెండు నెలలకి సఖినేటిపల్లి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం రేవులో దిగి, అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని, మిల్లు వెతుక్కుంటూ వచ్చారు. నా రాతలు చదువుతారని తెలుసు, మనిషిని చూడటం అదే మొదలు. సంచీలోంచి ఆ నవల తీశారు. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసుంది. ప్రతి అధ్యాయం చివరా పెన్సిలుతో చిన్న టిక్కు, పక్కన తారీఖు. పదకొండో అధ్యాయం తర్వాత టిక్కుల్లేవు.

"నువ్వు రాశావని తెప్పించుకున్నానయ్యా. ఇక్కణ్ణుంచి నాకు ముందుకి సాగటం లేదు. నాకే అర్థం కావట్లేదేమో, నువ్వు కాస్త చెప్పు" అన్నారు.

నన్ను నిలదీయడానికి రాలేదాయన. అరవై ఏళ్లుగా చదువుతున్న మనిషి, నా మాట నమ్మి, తన చదువునే అనుమానించుకుని వచ్చారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మిల్లులో ధాన్యం దింపేటప్పుడు తేమ చూస్తాం. 17 శాతం దాటితే పేచీ. మీటరు పట్టుకున్నవాడు ఒక పక్కవాళ్ల దగ్గర డబ్బు పుచ్చుకున్నాడని తెలిసిందనుకోండి, ఇక వాడు చదివిన ఏ అంకెనీ ఎవరూ నమ్మరు, నిజంగా పదహారు వచ్చిన బస్తాతో సహా. పన్నెండేళ్ల నా రాతంతా మాస్టారి ముందు అలా అయిపోయిందనిపించింది. మర్నాడే డబ్బు వెనక్కి పంపేశాను. తీసేసిన వాక్యం మళ్లీ పెట్టి, డబ్బు తీసుకుని రాశానని పైన రాశాను. డబ్బే కాదు, వస్తువు ఊరికే పుచ్చుకుని రాసినా ఆ సంగతి చదివేవాళ్లకి కనబడేలా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లోనే నియమం పెట్టింది. ఆ నియమం నాకప్పుడు తెలియదు. తెలియాల్సినంత వయసు మాత్రం నాకుంది.

రాతమీదే బతికేవాళ్లని నేను తప్పుపట్టను. పత్రిక రాయించుకుంటే డబ్బివ్వాలి, ఇవ్వకపోతే అడగాలి. నాకు ఒకటో తారీఖున జీతం వస్తుంది కాబట్టే రాత్రి తొమ్మిది తర్వాత నా ఇష్టమొచ్చింది రాసుకోగలుగుతున్నాను. ఆ వెసులుబాటు అందరికీ ఉండదు.

కానీ డబ్బు రాని పని పనికిరాని పనంటే ఒప్పుకోను. అందులోనూ ఈ నేల మీద. రాజమండ్రిలో 1898లో నాళం కృష్ణారావు గారు మొదలుపెట్టిన వాసురాయ గ్రంథాలయమే తర్వాత మరో గ్రంథాలయంతో కలిసి గౌతమీ గ్రంథాలయమైంది. ఎక్కడా దొరకని పుస్తకం కోసం నేను ఇప్పటికీ బస్సెక్కేది అక్కడికే. పక్కనే కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు 1935లో పుస్తకాల్ని పడవకెక్కించి పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద ఊరూరా తిప్పారు. వాళ్లని కూడా ఏ బావో అడిగే ఉంటాడు, ఎంతొస్తుందని.

మాస్టారు నన్ను వదిలెయ్యలేదు. ఇప్పుడాయనే నాకు పుస్తకాలిస్తున్నారు. వారపత్రికల్లోంచి చింపి కుట్టించిన సీరియళ్ల బైండింగులు ఆయన దగ్గర ఓ పాతికున్నాయి. ఏ ప్రచురణకర్తకీ వాటితో పని లేదు, ఏ లింకూ వాటికి లేదు. నేను రాయకపోతే అవి ఉన్నాయని కూడా ఎవరికీ తెలియదు.

ప్రస్తుతం నా బల్ల మీదున్నదానికి ప్రతి వారం పైనుండే పేరూ బొమ్మా ఎవరో పిల్లలు కత్తిరించుకుపోయారు. వెనకవైపు సినిమా ప్రకటనల్ని బట్టి 1960ల నాటిది. కాలువ లాకుల దగ్గర కథ. లాకు తలుపులు తీసే మనిషి, ఆయన కూతురు, వారానికోసారి సరుకు పడవ మీద వచ్చే గుమస్తా. చదివినవాళ్లెవరైనా ఉంటే పేరు చెప్పండి, రాసినవారి పేరు కూడా. ఆఖరి వారం పేజీలు అసలే లేవు. ఆ పిల్ల పడవెక్కిందో లేదో మాస్టారికీ తెలియదట.