ఫొటోలు చూడండి, సామాను మాత్రం ఊరిని చూసి కొనండి

ఇంటి అలంకరణకి ఐడియాలు కావాలంటే పింటరెస్ట్, ఇన్‌స్టాలో నచ్చిన ఫొటోలన్నీ ఒకచోట దాచుకోమన్నారు మీరు రాసిన వ్యాసంలో. మంచిదే, నేనూ దాస్తుంటాను. కాకపోతే వాటిలో చాలా గదులు చలిదేశాలవి. మా విశాఖలో, అదీ బీచ్‌కి దగ్గరగా ఉన్న ఇళ్లలో, ఆ సన్నటి ఇనుప షెల్ఫులు, లైటు స్టాండ్లు పెడితే ఉప్పుగాలికి తుప్పు పట్టేస్తాయి. మందపాటి తివాచీ అయితే వానాకాలంలో చెమ్మ వాసన. ఫొటోలోంచి రంగుల పొందిక వరకూ తీసుకుంటే చాలు.

అసలు రంగుల కోసం ఫోనే చూడాలా? పక్కనే అనకాపల్లి జిల్లాలో ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క పూసి బొమ్మలు చేస్తారు. పసుపు, ఎర్రరంగునిచ్చే జాఫ్రా గింజలు, నీలిమందు లాంటి వాటితో తీసిన రంగులు. 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకతని చెప్పే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. ఆ ఎరుపు పక్కన ఆ పసుపు ఎలా కుదిరిందో చూస్తే దిండు గలీబులు ఏ రంగులో కొనాలో తెలిసిపోతుంది. బొమ్మలు షోకేసు నిండా పేర్చకండి (దుకాణంలా ఉంటుంది, నాకస్సలు నచ్చదు). నేరుగా ఎండ తగలని గూట్లో ఒక్కటి చాలు.

కర్టెన్లకి పొందూరు ఖద్దరు బాగుంటుంది గానీ ధర ఎక్కువ.

ఈసారి గోడకి మేకు కూడా కొట్టనివ్వని ఓనర్ల ఇళ్లలో అద్దెకుండే మాలాంటి వాళ్ల కోసం రాయండి, ప్లీజ్.